నాటికలో తండ్రి పాత్ర: అతని చిన్నతనం గురించి ఎంత చెప్పాలి, ఎవరికి చెప్పించాలి?

ఖని_రాతగాడు:
అందరికీ నమస్తే. గంట నాటిక ఒకటి రాసి మొన్న ఒక పరిషత్తులో ఆడించాను. బహుమతి రాలేదు, దానికి పెద్దగా బాధ లేదు (అబద్ధం, ఉంది). ప్రదర్శన అయ్యాక న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దాయన పక్కకు పిలిచి, "యాభై నిమిషాలు తండ్రిని రాక్షసుణ్ణి చేసి చూపించావు, చివర్లో నాలుగు నిమిషాలు వాడి చిన్నప్పటి కష్టాలు చెప్పించి మమ్మల్ని ఏడవమన్నావు, నాకైతే ఏడుపు రాలేదు బాబూ" అన్నారు. తిరుగు బస్సులో రాత్రంతా అదే మాట చెవిలో మోగుతూనే ఉంది.

కథ చెప్తాను. 1996, గోదావరిఖని. తండ్రి సింగరేణిలో కోల్ ఫిల్లర్, అంటే తట్టా చెమ్మస్ పని, బొగ్గు ఎత్తి టబ్బులు నింపడం. వయసు నలభై నాలుగు. కొడుకు బొమ్మలు బాగా వేస్తాడు, హైదరాబాద్ పోయి ఆర్ట్ కాలేజీలో చేరాలని వాడి కోరిక. తండ్రేమో తాను మెడికల్ అన్‌ఫిట్ అయిపోయి తన ఉద్యోగం కొడుక్కి ఇప్పించాలని పట్టుపడతాడు. అప్పట్లో డిపెండెంటు ఉద్యోగాలు ఇచ్చేవాళ్లు కదా (తొంభైల చివర్లో ఆగిపోయాయి, తెలంగాణ వచ్చాక కారుణ్య నియామకాల పేరుతో మళ్లీ మొదలయ్యాయి). కొడుకు వద్దంటాడు. తండ్రి కొడతాడు, బొమ్మలు చింపుతాడు, అడ్డమొచ్చిన తల్లినీ కొడతాడు. చివర్లో తన చిన్నతనం అంతా చెప్పుకుని ఏడుస్తాడు, కొడుకు కాళ్ల మీద పడతాడు, తెర.

నా ప్రశ్న ఒక్కటే. ఆయన అట్లా తయారవడానికి కారణం ఆయన పెరిగిన తీరే. అది చెప్పకపోతే ఆయన ఉత్త దుర్మార్గుడు. చెప్తేనేమో జాలి అడుక్కున్నట్టు ఉంది. మరి ఏం చేయాలి?

తెరచాటు:
ముందు ఆ నాలుగు నిమిషాలు తీసెయ్. తర్వాత మాట్లాడుకుందాం.

కోపం తెచ్చుకోకు తమ్ముడూ. ముప్పై ఏళ్లుగా నాటికలు ఆడిస్తున్నాను, ఇందులో కనీసం ఇరవైసార్లు తండ్రి వేషం నేనే వేశాను, ప్రతి తండ్రికీ చివర్లో స్పాట్‌లైట్ కింద ఒక ఏడుపు ప్రసంగం ఉంటుంది, దాన్ని మేం మేకప్ గదిలో "బిల్లు కట్టే సీను" అనుకుంటాం. అంటే ఇప్పటిదాకా చేసిన వెధవ పనులన్నిటికీ ఒక్కసారే బిల్లు కట్టేయడం. నటుడికి చప్పట్లు పడతాయి, పాత్ర మాత్రం అక్కడే చచ్చిపోతుంది. సరే, ఆ ప్రసంగంలో ఏముందో సంగతులు మాత్రం ఇక్కడ పెట్టు. డైలాగులు వద్దు, జరిగింది చెప్పు.

ఖని_రాతగాడు:
పెడుతున్నా అన్నా. ఇందులో సగం మా ఇంటి ముసలివాళ్ల దగ్గర విన్నదే.

తండ్రి పుట్టింది మంథని వైపు ఒక ఊళ్లో. వాళ్ల నాయన, అంటే కొడుక్కి తాత, దొర దగ్గర వెట్టి. గడీ (దొర బంగళా) ముందు నుంచి పోవాలంటే చెప్పులు విప్పి చేత పట్టుకుని పోవాలి. ఒక వానరోజు అరికాల్లో ముల్లు దిగి ఉంటే మరిచిపోయి చెప్పులతోనే దాటాడు. ఆ చెప్పులే నెత్తిన పెట్టి పొద్దుగూకే దాకా గడీ ముందు నిలబెట్టారు. ఎనిమిదేళ్ల పిల్లగాడు చింతచెట్టు కింద నిలబడి అంతా చూశాడు. ఆ రాత్రే ఇల్లు వదిలేసి కాలినడకన బయలుదేరారు. 1960ల మొదట్లో ఖనిలో బాయిలు (బొగ్గు గనులు) తెరుస్తున్న రోజులు, మనుషులు కావాలి, ఊరేది కులమేది అని పెద్దగా అడగలేదు. మొదటి జీతం రోజు పిల్లగాడు కూడా తండ్రి వెంట కిటికీ దగ్గరికి పోయాడు. ఊళ్లో ఆయన పేరు "మల్లిగాడు". కిటికీ లోపలి గుమస్తా కాగితం చూసి "మల్లయ్య" అని పిలిచాడు. పిలిచింది తననే అని ఆయనకి అర్థం కాక పలకలేదు. గుమస్తా రెండోసారి పిలిస్తే పిల్లగాడే చెయ్యి పట్టి ముందుకు తోశాడు.

ఇంకా ఉంది. తాత తాగుడు, గుడిసెలో ఆకలి, పిల్లగాడు ఐదో తరగతిలో బడి మానడం, పద్దెనిమిదేళ్లకి బాయి దిగడం.

తెరచాటు:
ఓరి నీ దుంప తెగ. కిటికీ దగ్గర "మల్లయ్య" అని పిలిచిన సంగతి నాలుగు నిమిషాల ఏడుపులో పారేశావా?

నాకు అర్థమైంది చెప్తాను, తప్పైతే దిద్దు. కొడుక్కి బాయి అంటే చీకటి గొయ్యి. తండ్రికి బాయి అంటే తన నాయనని మొదటిసారి మనిషిలా పేరు పెట్టి పిలిచిన చోటు. వాడు కొడుక్కి ఇవ్వాలనుకునేది ఉద్యోగం కాదు, మస్టర్‌లో, అంటే హాజరు పుస్తకంలో, పేరు. దానికోసం తన పేరు కొట్టేయించుకోవడానికి కూడా సిద్ధపడ్డాడు. ఇదంతా నీ కథలో ముందే ఉంది, నువ్వు చూసుకోలేదు. నువ్వు రాసింది "కష్టాలు పడ్డాడు కాబట్టి కోపిష్టి అయ్యాడు" అని. కష్టాలు పడ్డ ప్రతివాడూ కొట్టడు. వాడికి ఏది విలువైందో, దేనికి వణుకుతాడో అది చిన్నతనంలో కుదురుకుంటుంది, కోపం దాని వెనకాలే వస్తుంది.

ఇక చెప్పులు. ఆ చెప్పుల గురించి ఒక్క మాట కూడా మాట్లాడించకు. చేయించు. రెండో సీన్లోనో మూడో సీన్లోనో ఆఫీసు నుంచి ఎవడైనా క్వార్టర్‌కి వస్తాడనుకో, అరుగు మీద కూర్చున్న తండ్రి లేచి మాట్లాడుతూ మాట్లాడుతూనే కాళ్లు చెప్పుల్లోంచి బయటికి తీసేయాలి. కిందికి చూడకూడదు. వాడికే తెలియకూడదు. వేళ్లకి అలవాటు, మెదడుకి కాదు. నటుడికి ఆ ఒక్క పని నెల రోజులు సాధన చేయించు.

పిట్స్‌బర్గ్_పుల్లట్టు:
నేను కొంచెం అడ్డం మాట్లాడతాను, ఏమనుకోకండి. ప్రసంగం మొత్తం తీసేయాలన్నది నేను ఒప్పుకోను. ఎవరితో చెప్తున్నాడు, ఎప్పుడు చెప్తున్నాడు అన్నది సరిగ్గా ఉంటే తండ్రి తన చిన్నతనం చెప్పుకోవచ్చు.

నేనుండే ఊరు పిట్స్‌బర్గ్, మనవాళ్లకి ఈ పేరు చెప్తే వెంకటేశ్వరస్వామి గుడే గుర్తొస్తుంది. ఇక్కడ హిల్ డిస్ట్రిక్ట్ అని నల్లవాళ్ల పేట ఒకటి ఉంది, ఆగస్ట్ విల్సన్ అనే నాటక రచయిత పుట్టి పెరిగింది అక్కడే. ఆయన "ఫెన్సెస్" నాటకం 1987లో బ్రాడ్‌వేకి వచ్చింది, ఆ ఏడే పులిట్జర్ బహుమతి కూడా వచ్చింది. 2016లో డెంజెల్ వాషింగ్టన్ సినిమాగా తీశాడు. మీలో కొందరు చూసే ఉంటారు. మీ కథకీ దానికీ పోలిక చూసి కాదు చెప్తున్నది, ఈ ప్రశ్నకి దాంట్లో ఒక గట్టి జవాబు ఉంది.

కాలం 1957. ట్రాయ్ అనే యాభై మూడేళ్లాయన, చెత్త లారీ వెనక డబ్బాలు ఎత్తే పని. ఒకప్పుడు నల్లవాళ్ల లీగుల్లో బేస్‌బాల్ బ్రహ్మాండంగా ఆడినవాడు, కానీ జాకీ రాబిన్సన్ అనే నల్ల ఆటగాడికి తెల్లవాళ్ల పెద్ద లీగు తలుపు తెరుచుకున్న 1947 నాటికి ఈయన వయసు నలభై దాటిపోయింది. కొడుకు కోరీని ఫుట్‌బాల్‌కి కాలేజీ వాళ్లు పిలుస్తుంటే అడ్డం పడతాడు. తెల్లవాళ్లు నిన్ను ఎక్కడికీ పోనివ్వరు, చేతి పని నేర్చుకో అంటాడు. తనంటే ఇష్టం ఎందుకు లేదని కొడుకు నేరుగా అడిగితే, నిన్ను ఇష్టపడాలని చట్టం ఎక్కడుంది, నీకు తిండీ బట్టా ఇల్లూ పెట్టడం నా బాధ్యత, అది చేస్తున్నా అనే అర్థంలో కడిగేస్తాడు.

ఇప్పుడు ఈయన తండ్రి ఎవరు? దక్షిణాదిలో కౌలు రైతు, పదకొండు మంది పిల్లలు, వండింది ముందు తానే తినేవాడు, మిగిలింది పిల్లలకి. తల్లి ఆ మొరటుతనం పడలేక వెళ్లిపోయింది. పద్నాలుగేళ్లప్పుడు తండ్రి తోలు వారుతో చావబాదితే ట్రాయ్ ఇల్లు వదిలి నడుచుకుంటూ పోయాడు. కానీ ఆ తండ్రి గురించే మళ్లీ అంటాడు, ఎంత చెడ్డవాడైనా మమ్మల్ని వదిలి పోలేదు, బాధ్యత అంటే అదొక్కటే నేర్పాడు అని. చూశారా, కొడుక్కి ఇచ్చిన జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో? ప్రేమ అంటే ఏమిటో ఆయనకి ఎవరూ చూపించలేదు, బాధ్యతే చూపించారు, అందుకని చేతిలో ఉన్నది అదే, ఇచ్చేదీ అదే.

ఇదంతా ట్రాయ్ పెద్ద ప్రసంగంగానే చెప్తాడు. మరి అది మీ "బిల్లు కట్టే సీను" ఎందుకు కాలేదు? ఒకటి, చివర్లో కాదు, మొదటి అంకంలోనే చెప్పేస్తాడు. ఆ తర్వాత ఆయన ఇంకా ఘోరాలు చేస్తాడు, మనకి కారణం తెలిసి కూడా కోపం వస్తుంది. అసలైనది రెండోది. చెప్పేది ఎవరికి? పాత స్నేహితుడికి, మొదటి భార్య కొడుక్కి. కోరీ అక్కడ లేడు! ఎవడు వినాలో వాడు వినడు. ఆ కథ అయిపోయాక వస్తాడు కోరీ, తండ్రి కోచ్‌తో చెప్పి తన ఆట మాన్పించేశాడని మండిపడుతూ. నేను మొదటిసారి చూసినప్పుడు, ఒరే ఐదు నిమిషాలు ముందు రాకూడదట్రా అనిపించింది.

చివరికి కొడుక్కి అందేది ఆ కథ కాదు, ఒక పాట. ట్రాయ్ తండ్రి పాడే కుక్క పాట, ట్రాయ్‌కి వచ్చింది. ట్రాయ్ చనిపోయాక, అంత్యక్రియలకి రానని మొండికేసిన కోరీ, తన చిన్న చెల్లెలితో కలిసి అదే పాట పాడతాడు. తండ్రి మీద కోపం ఉంది, పాట మాత్రం నోట్లోంచి వచ్చేస్తోంది.

కాబట్టి అన్నా, నీ తండ్రి చేత చెప్పించు, కొడుక్కి మాత్రం చెప్పించకు.

ఒడ్డున_ఉన్నదాన్ని:
ఇంతమంది మగవాళ్లు తండ్రి చిన్నతనం గురించి ఇంత దయగా మాట్లాడుకుంటుంటే నాకు ఒళ్లు మండుతోంది, అందుకే రాస్తున్నా.

మాది నెల్లూరు జిల్లా. మా నాన్న కూడా పాపం చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకుని బాబాయి ఇంట్లో గొడ్లు కాసుకుంటూ పెరిగినాడు, దెబ్బలు తిన్నాడు, పస్తులు పడుకున్నాడు. ఈ కథ నేను వందసార్లు విన్నా. ఎప్పుడు విన్నా తెలుసా? ఆయన అమ్మని కొట్టిన మరుసటి రోజు పొద్దున, అమ్మమ్మ నోట. "మీ నాన్న పాపం చిన్నప్పుడు..." అని మొదలుపెట్టేది. 1993లో సారా నిషేధం వచ్చినప్పుడు మా వీధిలో ఆడవాళ్లు బిందెలు మోగించుకుంటూ తిరిగారు, ఆ వారం మా ఇంట్లో ఒక్క దెబ్బ కూడా పడలేదు. ఆ వారం ఆయన చిన్నతనం మారిపోయిందా?

ఇంకో సంగతి. మా అమ్మ పెరిగింది ఇంకా హీనంగా. సవతి తల్లి. అన్నం గిన్నె అడుగు గీకి పెట్టేది. ఇప్పటికీ మా అమ్మ ఎవరింటికి పోయినా గిన్నె అడుగున కొంచెం అన్నం వదిలేస్తుంది, ఎందుకంటే ఆ గీకే చప్పుడు విని తట్టుకోలేదు. అంతే. ఆమె ఎవర్నీ కొట్టలేదు. ఆమె చిన్నతనం గురించి మాత్రం ఏ నాటికలోనూ ఎవరూ ప్రసంగం పెట్టరు.

కాబట్టి ఖని తమ్ముడూ, రెండు అడుగుతున్నా. నీ నాటికలో తల్లి ఎక్కడ పెరిగింది? నీకు తెలుసా? ఇంకోటి, నువ్వు ఆ నాలుగు నిమిషాలు తీసేసి దాన్ని తల్లి నోట్లో పెట్టబోతావు చూడు, "మీ బాపు మంచోడే బిడ్డా" అంటూ. మన నాటకాల్లో తల్లి ఎప్పుడూ తండ్రి తరఫు వకీలే. ఆ పని చేస్తే నేనే వచ్చి కుర్చీ విసిరేస్తా.

పిట్స్‌బర్గ్_పుల్లట్టు:
అక్కా, మీ గిన్నె అడుగు సంగతి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరన్నది నిజమే. ఆ నాటకంలో కూడా భార్య రోజ్ దగ్గరే నాకు గొంతు పట్టుకుంటుంది. పద్దెనిమిదేళ్లుగా నేనూ నీతో పాటు ఇదే చోట నిలబడ్డాను, నాకు మాత్రం కోరికలు లేవా అని భర్తని నిలదీస్తుంది. సినిమాలో ఆ పాత్రకే వయోలా డేవిస్‌కి ఆస్కార్ వచ్చింది. చివర్లో రోజ్ కూడా కొడుక్కి తండ్రి గురించి చెప్తుంది గానీ, ఆయన చేసిన చెడునీ తన పొరపాటునీ దాచకుండా చెప్తుంది, పూర్తిగా వకీలు కాదు.

కందిపొడి:
అందరూ పెద్ద పెద్దవి మాట్లాడుతున్నారు, నాదొక చిన్న సందేహం. కోల్ ఫిల్లర్ ఇంటికొచ్చి మొదట ఏం చేస్తాడు? మా మామయ్య మందమర్రిలో చేసేవాడు, రాగానే తువ్వాలు కొస మెలితిప్పి చెవుల్లో బొగ్గు తీసుకునేవాడు, పావుగంట, ఎవరితోనూ మాట్లాడకుండా. పిల్లలం భయపడి దగ్గరికి పోయేవాళ్లం కాదు. పెద్దయ్యాక తెలిసింది, ఆయనకి కోపం లేదు, చెవులు మూసుకుపోయి మా మాటలు వినపడేవి కావంతే. నాటికకి పనికొస్తే వాడుకోండి.

ఖని_రాతగాడు:
పది రోజులు కనపడలేదు, తిరగ రాస్తున్నా. ముందు ఒడ్డున ఉన్న అక్కకి జవాబు. లేదక్కా, తల్లి ఎక్కడ పెరిగిందో నాకు తెలియదు, అనుకోనే లేదు. సిగ్గేసింది. ఇప్పుడు అనుకున్నా. ఆమె తండ్రి బాయిలో కప్పు కూలి పోయాడు, ఆ ఉద్యోగం ఆమె అన్నకి వచ్చింది, ఆమెని ఏడాదిలోపే పెళ్లి చేసి పంపేశారు. కాబట్టి ఆమెకి ఈ డిపెండెంటు అనే మాటే గిట్టదు. భర్త కాగితాలు తెచ్చిన ప్రతిసారీ ఆమె వాటిని పప్పు డబ్బా కింద పెట్టి "కనపడలేదు" అంటుంది. వకీలు పని చేయదు. కొట్టిన రాత్రి ఆమె కొడుకుతో ఒక్కటే అంటుంది: "నువ్వు పో. నాకు నచ్చజెప్పకు, నేను నీకు నచ్చజెప్ప."

చెప్పులు తెరచాటు అన్న చెప్పినట్టే పెట్టా. ఆఫీసు మనిషి వస్తాడు, తండ్రి కాళ్లు బయటికి వస్తాయి, కొడుకు చూస్తాడు. అదే రాత్రి కొడుకు చెప్పులతో మంచం మీద కాళ్లు జాపితే తండ్రి వాటిని లాగి వాకిట్లోకి విసురుతాడు. ఎందుకో ఎవరూ అడగరు.

మల్లయ్య కథ ఉంచా. కొడుక్కి కాదు, పక్క క్వార్టర్ ముసలాయనకి చెప్తాడు, ఆయన కూడా రిటైరైన ఫిల్లరే. కందిపొడి గారూ, మీ తువ్వాలు వాడుకున్నా: తండ్రి చెవి శుభ్రం చేసుకుంటూ చెప్తాడు, తన గొంతు తనకే సరిగ్గా వినపడక గట్టిగా చెప్తాడు. "మల్లయ్య అన్నడు. మా బాపు పలకలే. ఇంకెవరినో అనుకున్నడు" అని నవ్వుతాడు. ఏడవడు. ముసలాయన వింటూ వింటూ నిద్రపోయి ఉంటాడు.

చివరి సీను. కొడుకు పొద్దున్నే బస్సుకి బయలుదేరతాడు. తండ్రి మొదటి షిఫ్టుకి తయారై ఉంటాడు, అన్‌ఫిట్ కాగితాలు ఇవ్వలేదు. తండ్రే కొడుకు చెప్పులు తెచ్చి గడప దగ్గర పెడతాడు. "ఆడ ఏ ఆఫీసుకు పోయినా ఇవి ఇప్పకు" అంటాడు. కొడుకు పోతాడు. తండ్రి టోపీ పెట్టుకుని ఇంకోవైపు పోతాడు.

తెరచాటు:
ముసలాయన నిద్రపోవడం బాగుంది. తల్లి మాట ఇంకా బాగుంది.

చివరి డైలాగు తీసెయ్. చెప్పులు తెచ్చి పెట్టాడుగా, చాలు. ప్రేక్షకుడు రెండో సీను నుంచి ఆ చెప్పులనే చూస్తున్నాడు, మళ్లీ నోటితో ఎందుకు?

ఖని_రాతగాడు:
తీయను అన్నా. ఆయన నాటిక మొత్తంలో కొడుక్కి చెప్పే మంచి మాట అదొక్కటే.

ఒడ్డున_ఉన్నదాన్ని:
ఉంచు. కానీ కొడుకు దానికి తల ఊపకూడదు. వాడు అప్పటికే బస్సు టైము చూసుకుంటూ ఉండాలి.

తెరచాటు:
సరే, మీ ఇద్దరి మాటే కానీయండి, రిహార్సల్లో నేనూ చూస్తాను. కొత్త చెప్పులు మాత్రం కొనొద్దు తమ్ముడూ, స్టేజీ మీద కిర్రుకిర్రుమంటాయి. నెల రోజులు ఎవడైనా వేసుకుని తిరిగినవి పట్రా.